ఒక వైద్య పరిశోధన సంఘము: దాని పుట్టుక, దాని పని

వైద్యశాస్త్రములో ఏ గొప్ప విషయమునైనను ఎవరో ఒక మహనీయుడు ఏకాంతమున కూర్చుండి కనిపెట్టినట్లు మనము చెప్పుకొనుచుందుము. అది కథకు అందము తెచ్చును గాని సత్యములో సగము మాత్రమే. ఆ శాస్త్రజ్ఞునకు పనిచేయుటకు ఒక గది ఇచ్చినదెవరు? ఒక ఏడు, రెండేండ్లు కాదు, ఇరువది ఏండ్లు ఒకే ప్రశ్నను విడువక పట్టుకొనుటకు వీలు కల్పించినదెవరు? కనుగొన్న సంగతిని అచ్చువేసి పదిమంది పరీక్షకు పెట్టినదెవరు? మన దేశములో ఈ ప్రశ్నలకు తరచుగా వచ్చు సమాధానము ఒక్కటే. 1911లో భారత పరిశోధన నిధి సంఘమను పేర పుట్టి, 1949 నుండి భారత వైద్య పరిశోధన మండలి అను పేర వ్యవహరింపబడుచున్న సంస్థయే ఆ సమాధానము. అది ఎట్లు పుట్టినది, ఏమి సాధించినది, దాని చేయి ఎచ్చట అందలేదు అను విషయములను మేము ఇచ్చట వివరింపదలచితిమి.

ఇట్టి సంఘము లేని కాలమున పరిశోధకుని పాట్లు ఎట్లుండెడివో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. సికింద్రాబాదు చాలును. 1897 ఆగస్టు 20వ తేదీన అచ్చట సైనిక వైద్యుడుగా ఉన్న రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన ఒక దోమ పొట్టగోడలో ఆ జ్వరమునకు మూలమైన పరాన్నజీవిని చూచెను. పంకా ఆడించినచో కోసిన దోమలు ఎగిరిపోవును గనుక ఉక్కలోనే కూర్చుండి పనిచేసెను. హుసేన్ ఖాన్ అను రోగి, తన్ను కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున పుచ్చుకొని ఆ పనికి సహకరించెను. ఇంత జరిగిన తరువాత ఏమాయెను? కొలది వారములలోనే రాస్‌కు బదిలీ ఉత్తరువు వచ్చెను. ఆయన రాజపుతానాలోని ఖేర్వారాకు పోవలసి వచ్చెను. అచ్చట మలేరియా రోగులు దొరకుటయే కష్టము. మరుసటి ఏడు కలకత్తాలో అవకాశము దొరకిన పిదప, పక్షులకు వచ్చు మలేరియాను ఆధారముగా చేసికొని ఆయన తన పనిని ముగింపగలిగెను. 1902లో నోబెల్ బహుమానము లభించినది. బహుమానము వచ్చినది గాని, ఒక ప్రపంచ ప్రసిద్ధమైన పరిశోధన ఒక బదిలీ కాగితముపై ఆధారపడినదన్న మాట మిగిలిపోయెను.

అప్పటికే దేశమున మరియొక ఉపద్రవము సాగుచుండెను. 1896లో బొంబాయిలో ప్రవేశించిన ప్లేగు ఊరినుండి ఊరికి వ్యాపించెను. దానికి టీకా తయారుచేసిన హాఫ్కిన్ పండితుని ఆధ్వర్యమున బొంబాయి పరేలులో ప్లేగు ప్రయోగశాల వెలసినది. హిమాలయ పాదములలో కసౌలి యందును, మద్రాసు చెంత గిండీ యందును ప్రయోగశాలలు ఏర్పడినవి. ఇవి అన్నియు మంచి పనియే చేయుచుండెను గాని, ఒకదాని పని మరియొకదానికి తెలియదు. ఏ రోగమును ముందుగా పట్టించుకొనవలెను, దానికి ఎంత ధనము వెచ్చింపవలెను, ఎవరిని నియమింపవలెను అని దేశమునంతటిని దృష్టిలో పెట్టుకొని ఆలోచించు వేదిక లేదు.

ఆ లోటును తీర్చుటకై 1911లో భారత పరిశోధన నిధి సంఘము స్థాపింపబడెను. దాని పాలకవర్గపు మొదటి సమావేశము ఆ ఏడు నవంబరు 15వ తేదీన పరేలులోని ఆ ప్లేగు ప్రయోగశాలలోనే, సర్ హార్కోర్ట్ బట్లర్ అధ్యక్షతన జరిగినది. 1913 నుండి ఒక వైద్య పరిశోధన పత్రిక కూడ వెలువడసాగెను. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అను ఆ పత్రిక నేటికిని నడుచుచున్నది.

సంఘము చేయు పనిని మూడు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, ప్రశ్నను ఎన్నుకొనుట. రెండవది, ఆ ప్రశ్నకు తగిన మనిషిని, ధనమును, కాలమును సమకూర్చుట. ఇట్లు ఏర్పాటైన పనిని ఆ రోజులలో ‘విచారణ’ అనెడివారు. బెరిబెరి విచారణ, ప్రసూతి మరణముల విచారణ, కాలా అజార్ విచారణ అను పేర్లు ఇట్లు వచ్చినవే. మూడవది, వచ్చిన ఫలితమును దాచక అచ్చువేసి, నిపుణుల విమర్శకు నిలబెట్టుట. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను పరిశోధన వ్యర్థమగును.

కాలమును సమకూర్చుట అనగా ఏమో కాలా అజార్ చరిత్రవలన తెలియును. అస్సాము, బెంగాలు, బీహారు ప్రాంతములలో ఈ జ్వరము ఊళ్లకు ఊళ్లనే నిర్మూలించినది. రోగి కడుపులో బల్ల పెరిగి, ఒడలు నల్లబడి, క్షీణించి చనిపోవును. 1920 ప్రాంతమున కలకత్తాలోని కాంప్‌బెల్ ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో ఉపేంద్రనాథ బ్రహ్మచారి, ఈ సంఘము ఇచ్చిన ధనసహాయముతో కూడ పనిచేసి, యూరియా స్టిబమైన్ అను మందును తయారుచేసిరి. తప్పక చావవలసిన వారిలో పెక్కుమంది బ్రతికిరి.

మందు దొరకినది గాని, రోగము ఒకరినుండి మరియొకరికి ఎట్లు పోవుచున్నదో తెలియలేదు. 1924లో కలకత్తా పరిశోధకులు ఇసుక ఈగ అను అతి చిన్న ఈగ కడుపులో ఆ పరాన్నజీవి పెరుగుట చూచిరి. అనుమానము బలపడినది. కాని రోగి రక్తము త్రాగిన ఈగను మరియొక ప్రాణిపై వాలనిచ్చి రోగమును కలుగజేయుట ఏండ్ల తరబడి సాధ్యము కాలేదు. ప్రయోగశాలలో ఈగలు రెండవసారి కుట్టుటకు పూర్వమే చచ్చుచుండెను, లేదా వాటిలో పరాన్నజీవి తగినంత పెరుగకుండెను. తుదకు 1940 ప్రాంతమున స్మిత్ పండితుడును ఆయన సహచరులును ఒక చిన్న మార్పు చేసిరి. మొదటిసారి రక్తము త్రాగిన ఈగలకు తరువాత ఎండుద్రాక్షలను ఆహారముగా నిచ్చిరి. ఈగలు బ్రతికినవి. పరాన్నజీవులు వాటి కంఠము నిండునట్లు వృద్ధిపొందినవి. ఆ మార్గమును అనుసరించి 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అను మువ్వురు, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన మనుష్యులపై ఈగలను కుట్టనిచ్చి, రోగము వాటివలననే సంక్రమించునని నిరూపించిరి. అనుమానమునకును నిరూపణమునకును నడుమ పదునెనిమిది ఏండ్లు గడచినవి. ఇంతకాలము ఫలము కానరాని పనికి అన్నము పెట్టుట ఒక వ్యక్తికి అలవి కాదు. దానికి సంఘమే కావలెను.

ఇప్పుడు మన వంటిళ్లకు వత్తము. 1918లో నీలగిరులలోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులో ఒకే ఒక గదిలో సర్ రాబర్ట్ మెకారిసన్ బెరిబెరిని గూర్చి విచారణ ఆరంభించెను. నడుమ పొదుపు పేర పని కొంతకాలము నిలిచిపోయినను, 1925లో మరల సాగి, 1928 నాటికి అది పోషణ పరిశోధనాలయముగా రూపొందెను. దేశములోని వివిధ ప్రాంతముల వారు తిను భోజనములను ఎలుకలకు పెట్టి మెకారిసన్ చేసిన పరీక్ష మిక్కిలి ప్రసిద్ధమైనది. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల భోజనము తిన్న ఎలుకలు ఏపుగా పెరిగినవి. వరియన్నమే ప్రధానమై, పాలు, కూరలు తక్కువగా నుండిన మద్రాసు భోజనము తిన్నవి అన్నింటికంటె వెనుకబడినవి. మనిషి ఎలుక కాడనుట నిజమే. కాని కుటుంబము, కులము, వాతావరణము అను సాకులు ఎలుకలకు లేవు గనుక, భోజనములోని భేదము తేటతెల్లమాయెను.

బెరిబెరి విషయము మన తెలుగు జిల్లాలకు మరింత దగ్గరిది. ఉత్తర సర్కారుల తీరప్రాంతమున ఈ వ్యాధి విస్తారముగా నుండెడిది. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తడబడి, కొందరికి ఒడలు వాచి గుండె బలహీనమగును. తల్లిపాలు త్రాగు పసిబిడ్డలు కొన్ని గంటలలోనే హఠాత్తుగా చనిపోవుట కూడ కలదు. అదే మద్రాసు రాజధానిలో అరవ దేశమునను, మలబారునను అన్నము తినువారే అయినను ఈ వ్యాధి అంతగా కానరాదు. దీనికి కారణమేమి?

కారణము బియ్యములో నున్నది. దక్షిణమున ఉప్పుడు బియ్యము వాడుక. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆ పిమ్మట దంపుదురు. ఇట్లు ఉడికించునప్పుడు పైపొరలోనున్న థయామిన్ అను విటమిను గింజ లోపలికి ఇంకును. మరలో వేసినను అది పూర్తిగా పోదు. మన సర్కారులలో వాడుక పచ్చి బియ్యము. దంపుడు బియ్యము తిన్నన్నాళ్లు ప్రమాదము అంతగా లేదు, ఏలయన రోకటి పోటుకు పైపొర కొంత మిగులును. బియ్యపు మరలు వచ్చి, మల్లెపూవు వంటి తెల్లని బియ్యముపై మక్కువ పెరిగిన పిదప, ఆ విటమిను తవుడుతో పాటు పశువుల తొట్టిలోనికి పోయెను. మిగిలిన కొంచెమును మూడుసార్లు బియ్యము కడిగి ఒకమారు, గంజి వార్చి మరియొకమారు పారబోసెడివారము. మెకారిసన్ తరువాత కూనూరు పరిశోధనాలయమునకు అధిపతియైన ఎయిక్రాయిడ్ పండితుడు తన సహచరులతో కూడి ఈ విషయమంతయు కొలిచి చూచి 1940లో ప్రకటించెను. అత్తెసరు పెట్టి వండుట, కడుగునీరు తగ్గించుట, మర పట్టులో మితము పాటించుట అను మాటలు కొత్తవి కావు, మన పెద్దలు ఎరిగినవే. వాటి వెనుకనున్న లెక్క మాత్రము కూనూరులో తేలినది. అంతకు మూడేండ్ల ముందు, అనగా 1937లో, ఎయిక్రాయిడ్ ప్రకటించిన భారతీయ ఆహారముల పోషక విలువల పట్టిక ఆసుపత్రులకును, బడులకును, కరవు కాలమున గంజి కేంద్రములను నడుపువారికిని కరదీపికయైనది. ఆ పట్టికను కాలానుగుణముగా సవరించి, 2017లో క్రొత్త రూపమున వెలువరించిరి.

ఈ సంఘము ఏర్పరచిన ప్రసూతి మరణముల విచారణ మరియొక దారి తెరచినది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, నేతమిల్లులలో పనిచేయు పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో ఏల మరణించుచున్నారో పరిశీలించెను. వారి తిండి ఎట్టిదో విచారించి, ఆ తిండినే ఎలుకలకును, పిమ్మట కోతులకును పెట్టి చూచెను. కొంతకాలము కూనూరులోను, కొంతకాలము మద్రాసులోను పనిచేసెను. ఈస్టు పులియబెట్టిన పదార్థమునుండి తీసిన మార్మైట్ అను చవక సరుకు ఇచ్చినంతనే రక్తము వృద్ధియగుట ఆమె గమనించెను. 1931లో ఆ సంగతిని ప్రకటించెను. ఆ పదార్థములోని గుణమేదో అప్పటికి తెలియదు. పండితులు దానికి ‘విల్స్ అంశము’ అని పేరు పెట్టిరి.

ఆ అంశమే ఫోలిక్ ఆమ్లము. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకుడు మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బొంబాయి మిల్లు కూలి స్త్రీ పడకవద్ద పుట్టిన ప్రశ్నకు, సముద్రముల ఆవల ఒక తెలుగువాని ప్రయోగశాలలో సమాధానము సంపూర్ణమైనది. నేడు ప్రతి పల్లెలో గర్భిణికి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలలో ఈ ఇరువురి శ్రమయు ఉన్నది.

స్వాతంత్ర్యానంతరము 1949లో సంఘమునకు భారత వైద్య పరిశోధన మండలి అని పేరు మారినది. మొదటి డైరెక్టరు డాక్టరు చింతామణ్ గోవింద పండిట్. పేరుతోపాటు పరిధియు పెరిగినది. తాను ధనము నిచ్చి ఇతరులచేత పని చేయించుటతో పాటు, మండలి తన సొంత సంస్థలను నెలకొల్పసాగినది. 1952లో పూనాలో వైరసు పరిశోధన కేంద్రము వెలసినది. 1957లో మైసూరు రాజ్యమున శివమొగ్గ అడవులలో కోతులు రాలి, మనుష్యులకు వింత జ్వరము సోకినప్పుడు, అది క్రొత్త వైరసు అని తేల్చినది ఆ కేంద్రమే. 2020లో కరోనా వైరసును మన దేశమున వేరుచేసినదియు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థతో కూడి టీకా తయారీకి మూలము సమకూర్చినదియు ఆ పరంపరయే.

మండలి పనులలో పేద ఇండ్లకు ఎక్కువ మేలు చేసినదేదని మమ్ము అడిగినచో, మేము 1956లో మద్రాసులో ఆరంభమైన క్షయ చికిత్సా పరీక్షను చెప్పుదుము. అంతకు పూర్వము క్షయ అనగా శానిటోరియము. మన మదనపల్లె చెంత ఆరోగ్యవరము వంటి చోట్ల మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. అచ్చట పడక దొరకినవాడు అదృష్టవంతుడు. దొరకనివారు లక్షలు. ఐసోనియాజిడ్ వంటి మందులు అప్పుడే వచ్చినవి. ఇరుకు ఇంటిలో, చాలీచాలని తిండితో, కూలికి పోవుచు ఆ మందు మ్రింగిన రోగికి కుదురునా? అట్టి రోగిని ఇంట ఉంచినచో పిల్లలకు అంటదా? ప్రశ్న ఇది.

మండలియు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు, బ్రిటిషు వైద్య పరిశోధన మండలియు, మద్రాసు ప్రభుత్వమును కలిసి పరీక్షకు పూనుకొనిరి. మద్రాసు నగరపు పేద రోగులు 193 మందిని తీసికొనిరి. ఎవరిని శానిటోరియమునకు పంపవలెను, ఎవరిని ఇంట ఉంచవలెను అనుట వైద్యుని ఇష్టమునకు విడువక, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా విభజించిరి. ఇరు పక్షముల వారికిని ఒక ఏడు ఒకే మందులు. ఇంట ఉన్నవారు మందు నిజముగా మ్రింగుచున్నారో లేదో తెలియుటకు మూత్రపరీక్షలు చేసిరి, చెప్పకుండ ఇంటికి పోయి మాత్రలు లెక్కించిరి. ఫలితము 1959లో వెలువడినది. ఇంట చికిత్స పొందినవారికి తిండియు విశ్రాంతియు తక్కువైనను, కుదురుటలో శానిటోరియము వారితో దాదాపు సమానముగానే ఉండిరి. వారితో కలిసి కాపురమున్న బంధువులకు అదనముగా రోగము సోకలేదు. అంటువలసినది చాలవరకు చికిత్సకు పూర్వమే అంటుచున్నదనియు, మందు మొదలిడినంతనే రోగి ప్రమాదకారిగా నుండుట తగ్గిపోవుననియు అర్థమైనది.

ఈ ఒక్క ఫలితముతో, పడకలు లేవను నిరాశ తొలగినది. లోకమంతటను క్షయ చికిత్స ఇంటిముఖము పట్టినది. తల్లిని పిల్లలనుండి విడదీయనక్కరలేకపోయెను. అయితే మందు నడుమ మానివేయు రోగి తనకును ఇతరులకును కీడు తెచ్చుననుట కూడ ఆ పరీక్షయే నేర్పినది. నేటి పద్ధతులలో మాత్రలు క్రమము తప్పక మ్రింగించుటకు అంత పట్టుదల చూపుటకు మూలమదియే.

1958లో కూనూరు పరిశోధనాలయము హైదరాబాదునకు తరలి వచ్చెను. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత నెలకొని, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేర ప్రసిద్ధమైనది. ఇచ్చట డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్యగార్లు, దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారముగా తిను పేదవారిలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి ఏల కలుగునో పరిశోధించి 1960లో ప్రకటించిరి. పసిపిల్లల రేచీకటిని, దానివలన వచ్చు అంధత్వమును నివారించుటకై విటమిను ‘ఎ’ పెద్ద మోతాదులో నెలల కొకసారి ఇచ్చు పద్ధతిని ఈ సంస్థవారు పల్లెలలో పరీక్షించిరి. దాని ఆధారముననే 1970లో దేశవ్యాప్తమైన పథకము మొదలైనది. ఒక చెంచా మందుతో చూపు నిలుచుట అనగా చిన్న మాట కాదు.

ఇంతవరకు చెప్పినవి విజయములు. విజయములే చెప్పి విడిచినచో మేము పాఠకులకు పూర్తి న్యాయము చేసినవారము కాము. ఒక సంగతి తెలిసినంత మాత్రమున మేలు కలుగదనుటకు మన నేలయే సాక్ష్యము.

నైజాము రాజ్యమున పశువులలో ఫ్లోరైడు జబ్బును పశువైద్యులు 1934లో గుర్తించిరి. 1937లో గిండీ సంస్థ అధిపతిగా నుండిన షార్ట్, ఆయన సహచరులు, నెల్లూరు జిల్లా మెట్టపల్లెలలో మనుష్యులకును ఆ వ్యాధి ఉన్నదని ప్రకటించిరి. కాలా అజార్ విషయమున మనము చెప్పుకొన్న షార్ట్ ఈయనయే. బావినీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నుండుటచే పిల్లల పండ్లపై గారచారలు ఏర్పడుచుండెను. నడివయసు వచ్చుసరికి వెన్ను బిగుసుకొని, మెడ త్రిప్పలేక, కీళ్లు ముడుచుకొని మనిషి మూలబడుచుండెను. 1940లో డాక్టరు పండిట్, ఆయన సహచరులు ఇంకొక మెట్టు ముందుకు పోయి, అదే నీరు త్రాగువారిలోను తిండి తక్కువైన పేదవారే హెచ్చుగా బాధపడుచున్నారని చూపిరి. మండలికి మొదటి డైరెక్టరైన పండిట్‌గారే వీరు. 1973లో హైదరాబాదు సంస్థకు చెందిన డాక్టరు కృష్ణమాచారి, తమ సహోద్యోగితో కూడి, నల్లగొండ ప్రాంతపు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదాని కొకటి ఒరసికొనుటను వర్ణించి ప్రకటించిరి. పటిక, సున్నము వేసి నీటిని తేర్చు పద్ధతిని నాగపూరు పరిశోధకులు కనిపెట్టగా, దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు వచ్చినది.

ఇట్లు కారణము తెలిసినది, కొలత తెలిసినది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట కూడ ఒకటిన్నర దాటరాదనియు ప్రమాణము ఏర్పడినది. అయినను బావి మారలేదు. ఇంటింటికి నదీజలములను తెచ్చు మిషన్ భగీరథ పథకము తెలంగాణమున 2016లో గాని ఆరంభము కాలేదు. 1937కును 2016కును నడుమ డెబ్బదితొమ్మిది ఏండ్లు. ఆ మధ్యకాలమున పుట్టి, ఆ నీరే త్రాగి, వంగిన ఎముకలతో జీవించిన తరముల విషయమున శాస్త్రము ఓడలేదు, శాస్త్రమును వినవలసినవారు ఆలస్యము చేసిరి. పరిశోధన సంఘము బావిలోని విషమును చూపగలదు గాని, గొట్టములు వేయలేదు. ఆ పని ప్రభుత్వములది, వానిని అడుగవలసిన ప్రజలది.

సంఘము తన పరువును నిలుపుకొనుటకు మరి రెండు విషయములలో జాగరూకత వహింపవలెను. ఒకటి, ఇష్టము లేని ఫలితమును కూడ దాచకుండుట. 1968లో చెంగల్పట్టు జిల్లాలో బి.సి.జి. టీకాపై, రెండున్నర లక్షలకు మించిన జనులతో మండలి పరీక్ష ఆరంభించినది. పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా నివారింపలేదని తేలినది. లోకము ఆశించిన దానికి ఇది విరుద్ధము. అయినను ఉన్నది ఉన్నట్లు ప్రకటించిరి. పసిబిడ్డలలో మెదడు పొరలకు వచ్చు క్షయ వంటి ఘోరరూపములనుండి అది కాపాడును గనుక, పుట్టిన బిడ్డలకు నేటికిని ఆ టీకా వేయుచున్నారు. రెండవది, పరీక్షకు లోబడు మనిషి గౌరవము. ఏమి జరుగబోవునో వానికి తెలియవలెను, వాడు సమ్మతింపవలెను, వలదన్నచో విడువవలెను. ఈ నియమములను మండలి 1980లో ప్రకటించి, తరువాత పెక్కుసార్లు సవరించి విస్తరించినది. పేదవాని అజ్ఞానము పరిశోధకునకు సౌకర్యము కారాదు.

ఈ చరిత్రలో పేరులేని పాత్రధారులు వేలకొలది ఉన్నారు. ఇసుక ఈగలకు చేయి చాపినవారు, ఏడాది పొడుగున మాత్రలు లెక్క తప్పక మ్రింగిన మద్రాసు కూలీలు, బిడ్డ నోట చెంచా మందు పోయనిచ్చిన పల్లె తల్లులు. 1972లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగము ఏర్పడిన పిమ్మట, దాని ఉద్యోగులు ఊరూర ఇండ్లకు పోయి, నిన్న ఏమి వండితిరి, ఎవరెంత తినిరి అని అడిగి, గింజలు తూచి వ్రాసికొనెడివారు. ఆడవారు మొదట నవ్వెడివారట, పిదప ఓపికగా చెప్పెడివారట. దేశమున ఎవరికి ఏ తిండి చాలుటలేదో తెలిసినది ఆ తూనికల వలననే.

అట్టివారు ఎవరైన రేపు మన గడపకు వచ్చినచో, వారు ఏ సంస్థనుండి వచ్చిరో, ఎందులకు అడుగుచున్నారో ముందుగా తెలిసికొందము. తృప్తియైన పిమ్మట కూర్చుండబెట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పుదము. ఆ లెక్క అచ్చయి వెలువడిన తరువాత, దానిపై ఏమి చర్య జరిగినదని మన పాలకులను అడుగుట కూడ మరువకుందము. ప్రశ్న అడుగుట సంఘము పని. సమాధానమును ఆచరణకు తెచ్చుట మనందరి పని.